నాది స్వభావమా, జబ్బా? పోస్టింగులో నింపిన రెండు కాగితాల గురించి

మెట్లమీద_నేను | ఆదివారం, రాత్రి 11.52

రెండో సంవత్సరం ఎంబీబీఎస్ చదువుతున్నాను, ప్రభుత్వ కళాశాలలో. ఊరి పేరు అడగకండి.

గత వారం సైకియాట్రీ పోస్టింగులో ఒక పీజీ అక్క తన థీసిస్ కోసం మా బ్యాచ్ మొత్తానికి రెండు కాగితాలు పంచింది. మొదటిది పీహెచ్‌క్యూ-9, కుంగుబాటు లక్షణాలు ఎంత ఉన్నాయో చూసే తొమ్మిది ప్రశ్నలు. రెండోది పేజీలకు పేజీలు, అన్నీ అవును-కాదు ప్రశ్నలే, మనిషి స్వభావం గురించి. పేరు రాయనవసరం లేదని చెప్పింది గానీ పై మూలన రోల్ నంబరుకు గడి ఉంది. అందరూ నింపారు, నేనూ నింపాను.

హాస్టల్‌కు వచ్చాక మొదటి కాగితం మార్కులు కూడుకుంటే 14 వచ్చింది. 10 నుంచి 14 వరకు మధ్యస్థాయి కుంగుబాటు అంటున్నారు. రెండోదానిలో విచార స్వభావం కిందికి వచ్చే ప్రశ్నలకు దాదాపు అన్నిటికీ 'అవును' అనే పెట్టాను. నా సందేహం ఇదే: నాకు వచ్చింది జబ్బా, లేక నేను పుట్టడమే ఇలా పుట్టానా?

మా నాయనమ్మ మాట ఒకటుంది, 'దీని మొహంలో నవ్వు చూడాలంటే సంక్రాంతి రావాలి' అని. నిజమే, చిన్నప్పటినుంచీ అంతే. అనాటమీలో బ్యాచ్‌కు మూడో స్థానం వచ్చిన రోజు కూడా హాస్టల్ మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. దిగులుతో కాదు, నాకు అలా బాగుంటుంది. ఇప్పుడు మూడు నెలలుగా ఆ మెట్ల మీద కూర్చున్నా బాగుండటం లేదు. తెల్లవారుజామున మూడున్నరకు మెలకువ వస్తుంది, ఇక నిద్ర పట్టదు. మెస్‌లో అన్నం సహించదు. పాథాలజీ పుస్తకంలో ఒకే పేజీ నాలుగు రోజులుగా తెరిచి ఉంది. స్నేహితురాళ్ళను అడిగితే 'నువ్వు ఎప్పుడూ ఇంతే కదా' అంటారు.

పాతబ్యాచ్_కత్తెర | ఆదివారం, రాత్రి 12.20

అమ్మాయీ, నేను 1988 బ్యాచ్. జనరల్ సర్జన్ని. రెండో సంవత్సరంలో మాకందరికీ వారానికొక జబ్బు వచ్చేది. లింఫోమా చదివిన రోజు మెడ తడుముకునేవాళ్ళం. గుండె కవాటాల పాఠం అయ్యాక మా గదిలో ముగ్గురం ఒకరి ఛాతీ మీద ఒకరు స్టెతస్కోప్ పెట్టుకున్నాం. ఇప్పుడు సైకియాట్రీ పోస్టింగు వచ్చింది కాబట్టి మీకు మనసు జబ్బు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. కొందరు నవ్వుతారు, కొందరు నవ్వరు. కాగితాల మీద మార్కులు వేసుకుని జబ్బు తెచ్చుకోకు. పొద్దున్నే లేచి మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు పరుగెత్తు.

వాతప్రకృతి | సోమవారం, ఉదయం 6.45

బీఏఎంఎస్ (ఆయుర్వేద వైద్యం) మూడో సంవత్సరం. సర్జన్ గారు సామెత చెప్పారు కాబట్టి నేను మా మొదటి పాఠం చెబుతాను. ప్రకృతి వేరు, వికృతి వేరు. పుట్టుకతో వచ్చే వాత, పిత్త, కఫ ప్రకృతి జబ్బు కాదు, దాని నుంచి తప్పడమే జబ్బు. చరకుడు శరీరానికి మూడు దోషాలు చెప్పి, మనసుకు రజస్సు, తమస్సు అని విడిగా రెండు చెప్పాడు. మీ నాయనమ్మ చూసింది ప్రకృతి. మూడున్నరకు మెలకువ వికృతి. ఇంతకంటే తేలిగ్గా ఎవరైనా చెప్పగలిగితే చెప్పమనండి.

పాతబ్యాచ్_కత్తెర | సోమవారం, ఉదయం 7.10

వచ్చాడయ్యా చరకుడు.

ఓపీ_గది_6 | సోమవారం, మధ్యాహ్నం 2.35

సైకియాట్రిస్టును, తెలంగాణలో ఒక జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తాను. ఓపీ ఇప్పుడే అయింది, టిఫిన్ డబ్బా తెరిచి ఇది రాస్తున్నాను.

అమ్మా, ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని ప్రశ్నల కంటే ముందు పైనున్న సూచన చదవండి. మొదటిదాని మీద 'గత రెండు వారాల్లో' అని ఉంటుంది. రెండోది, జీవితంలో ఎక్కువ కాలం మీరు ఎలాంటి మనిషి అని అడుగుతుంది. ఒకటి మొన్నటి లెక్క, రెండోది ఇరవై ఏళ్ళ లెక్క. మీ నాయనమ్మగారూ మీ స్నేహితురాళ్ళూ రెండో కాగితానికి జవాబు చెబుతున్నారు. మీరు అడుగుతున్నది మొదటి కాగితం గురించి. బీఏఎంఎస్ తమ్ముడి మాటలు నాకు నచ్చాయి, రేపు నా పీజీలకు అవే చెబుతాను. అయితే అశ్వగంధ రాయడం మొదలుపెడితే మాత్రం గొడవే.

స్వభావాలను ఇలా విడదీయడం కొత్త కాదు. వంద ఏళ్ళకు పైగా ముందు జర్మనీలో క్రెపెలిన్ నాలుగు రకాలు చెప్పాడు: విచారంగా ఉండేవాళ్ళు, ఎప్పుడూ హుషారుగా ఉండేవాళ్ళు, చిరాకు మనుషులు, ఒక పూట పైకి ఒక పూట కిందికి పోయేవాళ్ళు. తర్వాత అమెరికాలో అకిస్కల్ ఆందోళన స్వభావాన్ని కలిపి ఐదు చేసి, తన బృందంతో ప్రశ్నావళి తయారుచేశాడు. మీ పీజీ అక్క పంచింది అదో, దాని చుట్టమో అయి ఉంటుంది. ఈ ఐదూ జబ్బులు కావు. విచార స్వభావం ఉన్నవాళ్ళలో నేను చూసినంతలో మంచి డాక్టర్లు చాలామంది ఉన్నారు. రోగి మాట పూర్తిగా వింటారు, మందు మోతాదు రెండుసార్లు సరిచూసుకుంటారు.

కాకపోతే ఆ స్వభావం ఉన్నవాళ్ళకు కుంగుబాటు వచ్చే అవకాశం కొంత ఎక్కువ. నల్లరేగడిలో నీళ్ళు త్వరగా ఇంకవు కదా, అలాగ. అంతమాత్రాన చేను మునిగితే తప్పంతా నేలదే అనకూడదు, వాన ఎంత పడిందో కూడా చూడాలి.

సర్జన్ గారు చెప్పిన రెండో సంవత్సరపు భ్రమ నిజమే, నాకూ క్షయ వచ్చింది అప్పట్లో. కానీ తెల్లవారుజామున లేవడం, ఆకలి పోవడం, ఇష్టమైన మెట్లు కూడా రుచించకపోవడం ఈ అమ్మాయికి పోస్టింగుకు ముందే మొదలయ్యాయి. అవి పుస్తకంలో చదివి తెచ్చుకున్నవి కావు. పీహెచ్‌క్యూ కేవలం జల్లెడ. 14 రావడమే రోగనిర్ధారణ కాదు, ఒక డాక్టరు ఎదురుగా కూర్చుని మాట్లాడాలని దాని అర్థం. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 కూడా చూడాలి.

ఒక మాట. చనిపోతే బాగుండన్న ఆలోచనలు వస్తున్నాయా అని అడిగే తొమ్మిదో ప్రశ్న గురించి మీరు ఏమీ రాయలేదు. ఇక్కడ చెప్పనవసరం లేదు. నాకు విడిగా సందేశం పంపినా సరే.

నిర్వాహకులు | సోమవారం, మధ్యాహ్నం 2.50

చదువుతున్న అందరికీ: టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నవాళ్ళు ఈ చర్చ చివరివరకూ చదివి అప్పుడు చేద్దామని ఆగవద్దు. ముందు ఫోను చేయండి, పక్క గదిలో ఉన్న మనిషిని పిలవండి.

మిషిగన్_మంచు | సోమవారం, రాత్రి 8.15

వాన లెక్క అన్నారు కాబట్టి. నేను గుంటూరు జిల్లా వాణ్ణి, అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెంట్‌ని. 2010లో ఇక్కడ ఒక అధ్యయనం వచ్చింది. 740 మంది ఇంటర్న్‌లకు డ్యూటీలో చేరకముందు ఒకసారి, ఆ తర్వాత ఏడాది పొడవునా కొన్నిసార్లు ఇదే పీహెచ్‌క్యూ ఇచ్చారు. చేరకముందు కుంగుబాటు స్థాయి మార్కులు వచ్చినవాళ్ళు 3.9 శాతం. ఇంటర్న్‌షిప్‌లో సగటున 25.7 శాతం.

అదే మనుషులు, అవే స్వభావాలు. కొన్ని నెలల్లో ఎవరి పుట్టుబుద్ధీ మారదు కదా. మారింది డ్యూటీ. ఎవరికి ఎక్కువ వచ్చిందని చూస్తే ముందునుంచీ బెంగపడే స్వభావం ఉన్నవాళ్ళు, ఇంతకుముందు ఒకసారి కుంగుబాటు వచ్చినవాళ్ళు, చిన్నతనంలో ఇంట్లో ఇబ్బందులు పడినవాళ్ళు ఉన్నారు. అంటే నేల కూడా ఉంది. దానితోపాటు పనిగంటలు, చేసిన పొరపాట్లు, ఆ ఏడాది ఇంట్లో జరిగిన కష్టాలు. సర్జన్ గారూ, నాలుగు రౌండ్ల పరుగు మంచిదే. వాన ఆగకుండా గట్టు మీద పరుగెత్తితే ఏం లాభం?

నైట్‌డ్యూటీ_పీజీ | మంగళవారం, తెల్లవారుజామున 4.05

మన దేశం లెక్క నేను చెబుతాను, ఎలాగూ మేలుకునే ఉన్నాను. జాతీయ వైద్య కమిషన్ వేసిన కార్యదళం 2024లో నివేదిక ఇచ్చింది. ఆన్‌లైన్ సర్వేలో జవాబిచ్చిన ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం తమకు మానసిక సమస్య ఉన్నట్టు డాక్టరు చెప్పారన్నారు. చనిపోవాలన్న ఆలోచన వచ్చిందన్నవాళ్ళు ఎంబీబీఎస్‌లో 16.2 శాతం, పీజీల్లో 31.2 శాతం. రెసిడెంట్లకు వారానికి 74 గంటలకు మించి డ్యూటీ వేయవద్దని అదే నివేదిక సిఫారసు చేసింది.

మా యూనిట్‌లో ఈ వారం నా గంటలు గురువారానికే 74 దాటుతాయి. మరి మాది ఏ స్వభావం అనుకోవాలి? బెడ్ నంబరు 11 పిలుస్తున్నారు, వెళుతున్నాను.

ఓపీ_గది_6 | మంగళవారం, ఉదయం 8.30

ఆ అంకెలతో కాస్త జాగ్రత్త. ఆన్‌లైన్ సర్వేలో బాధ ఉన్నవాళ్ళే ముందుగా జవాబిస్తారు, కాబట్టి కాలేజీలో ప్రతి వందమందికీ అదే లెక్క వేయకూడదు. 2016లో అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో కూడా కుంగుబాటు లేదా దాని లక్షణాలు వైద్య విద్యార్థుల్లో 27.2 శాతం మందికి ఉన్నట్టు వచ్చింది. అందులోనూ చాలావరకు ఇలాంటి ప్రశ్నపత్రాలే. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ సమీక్షలోనే ఉన్న మరో అంకె. కుంగుబాటు ఉన్నట్టు తేలినవాళ్ళలో చికిత్సకు వెళ్ళింది 15.7 శాతం మాత్రమే. వాళ్ళందరూ ఆసుపత్రి ఆవరణలోనే చదువుకుంటూ తిరిగేవాళ్ళు.

స్టేజీ_వెనక | మంగళవారం, రాత్రి 9.40

చెల్లీ, నాది నీకు పూర్తిగా ఎదురు కథ. ఫైనల్ ఇయర్. కల్చరల్ సెక్రటరీని. ఎప్పుడూ హుషారు, ఐదు గంటలు పడుకుంటే చాలు, ఎవరి పుట్టినరోజైనా మైకు నాదే. థర్డ్ ఇయర్ చివర్లో ఆరు వారాలు మంచం దిగలేదు. ఎవరూ నమ్మలేదు. నీకు 'ఎప్పుడూ ఇంతే' అన్నారు, నాకు 'నీకెందుకు వస్తుంది' అన్నారు. రెండూ ఒకటే దెబ్బ.

అప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను, ఎవరూ చేయవద్దు. ఫార్మకాలజీలో చదివిన ధైర్యంతో స్నేహితుడి దగ్గరున్న ఎస్సిటాలోప్రామ్ అనే కుంగుబాటు మాత్రలు నేనే వేసుకున్నాను. రెండో వారానికి మంచం దిగాను. మూడో వారానికి అసలు మంచం ఎక్కడం మానేశాను. నాలుగు రాత్రులు నిద్ర లేదు, అలసట కూడా లేదు. వార్షికోత్సవానికి నలభై పేజీల ప్రణాళిక రాశాను. పరీక్ష ఫీజు డబ్బుతో 200 టీషర్టులు అచ్చు వేయించాను, బ్యాచ్ సంవత్సరం తప్పు పడింది. ఆ డబ్బాలు ఇప్పటికీ నా మంచం కిందే ఉన్నాయి.

అమ్మానాన్నలు వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన మొదట అడిగింది దిగులు గురించి కాదు. 'దీనికి ముందు ఎప్పుడైనా మరీ హుషారుగా ఉన్న రోజులున్నాయా, ఇంట్లో ఇలా ఎవరికైనా ఉందా' అని అడిగారు. మా చిన్న మామయ్య సంగతి అప్పుడు బయటపడింది. ఇప్పుడు వేరే మందు వాడుతున్నాను.

ఓపీ_గది_6 | మంగళవారం, రాత్రి 10.20

స్వభావం తెలుసుకోవడంలో నాలాంటి వాళ్ళకు అసలు ఉపయోగం ఇక్కడే. హుషారు స్వభావం, ఎగుడుదిగుడు స్వభావం ఉన్నవాళ్ళలో కొందరికి కుంగుబాటు మందు ఒక్కటే ఇస్తే ఇలా ఉన్మాదంలోకి తిరుగుతుంది. కాబట్టి డాక్టరు దగ్గర చెడ్డ రోజులతోపాటు మరీ మంచి రోజుల గురించి కూడా చెప్పాలి. 'అప్పుడు చాలా బాగున్నాను డాక్టర్ గారూ' అని ఎవరూ ఫిర్యాదు చేయరు, మేమే అడగాలి.

ఖమ్మం_నాన్న | బుధవారం, ఉదయం 5.50

నేను డాక్టరును కాను, రైతును. మా అబ్బాయి మొదటి సంవత్సరం చదువుతున్నాడు. ఇంటర్ రెండేళ్ళు, లాంగ్ టర్మ్ ఒక ఏడాది హాస్టల్లోనే ఉన్నాడు, మొదటినుంచీ మితభాషి. ఫోను చేస్తే 'బాగున్నాను నాన్నా, క్లాసు ఉంది' అని పెట్టేస్తాడు. ఇవన్నీ చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. వాడి స్వభావం అదే అనుకోవాలా, మరేదైనా ఉందా? దూరంనుంచి ఎలా తెలుసుకోవాలి?

మెట్లమీద_నేను | బుధవారం, రాత్రి 10.05

అంకుల్, మా నాన్న రోజూ రాత్రి తొమ్మిదీ పదికి ఫోను చేస్తారు. రెండే ప్రశ్నలు, 'తిన్నావా, చదివావా'. నా దగ్గర రెండు జవాబులూ సిద్ధంగా ఉంటాయి, అబద్ధం చెప్పానని కూడా అనిపించదు. పోయిన నెల ఒక రోజు ప్రశ్న మరిచిపోయి మా గేదె ఈనిందని చెప్పారు. దూడకు నుదుటి మీద తెల్లమచ్చ ఉందట. ఆ రోజు పదిహేను నిమిషాలు మాట్లాడాను. మీరు కూడా ప్రశ్న వేయకుండా ఇంటి సంగతి ఏదైనా చెప్పి చూడండి. వీలైతే ఒకసారి వెళ్ళండి. నిద్ర ఎప్పుడు లేస్తున్నాడో గదిలో వాళ్ళకు తెలుస్తుంది.

మేడమ్, తొమ్మిదో ప్రశ్న గురించి. పక్కన కూర్చున్న అమ్మాయి నా కాగితంలోకి చూస్తున్నట్టు అనిపించి సున్నాకు చుట్టాను. సున్నా కాదు.

ఓపీ_గది_6 | బుధవారం, రాత్రి 10.09

చెప్పినందుకు సంతోషం అమ్మా. మీకు సందేశం పంపాను, చూడండి. మీ గదిలో ఇప్పుడు ఎవరున్నారు? వాళ్ళను నిద్ర లేపండి, ఏమనుకుంటారో అని చూడవద్దు.

నిర్వాహకులు | బుధవారం, రాత్రి 11.30

ఆమె రూమ్మేటుతో ఉంది, మేడమ్ ఇద్దరితోనూ ఫోనులో మాట్లాడారు. దయచేసి ఈ రాత్రికి ఎవరూ ఇక్కడ ప్రశ్నలు వేయవద్దు.

పాతబ్యాచ్_కత్తెర | గురువారం, ఉదయం 6.15

మూడున్నరకు మెలకువ అన్న ముక్క మొదటిసారి నేను సరిగ్గా చదవలేదు. చూపించుకో అమ్మాయీ. పరుగు సంగతి తర్వాత.

బిష్కెక్_బ్యాచ్ | గురువారం, మధ్యాహ్నం 1.20

కిర్గిజిస్థాన్‌లో నాలుగో సంవత్సరం. ఇక్కడ డాక్టరుకు 'దిగులుగా ఉంది' అని రష్యన్‌లో ఎలా చెప్పాలో తెలియక కడుపునొప్పి అని చెప్పాను. కడుపు స్కాన్ రాశారు. స్కాన్ బాగానే వచ్చింది. ఇంటికెళ్ళాక ఎఫ్‌ఎంజీఈలో, అంటే విదేశాల్లో చదివినవాళ్ళు రాసే అర్హత పరీక్షలో, 300కు 150 తెచ్చుకోవాలన్న బెంగ ఒకవైపు, ఆ 150 ఎందుకో తెలియని స్థితి ఒకవైపు. ఈ చర్చ తెలుగులో చదవడమే కాస్త ఊపిరి తీసుకున్నట్టుంది.

ఓపీ_గది_6 | గురువారం, మధ్యాహ్నం 3.00

మన ఓపీలో తెలుగులో కూడా ఎవరూ 'కుంగుబాటు' అని చెప్పరు. గుండె బరువుగా ఉందంటారు, ఒళ్ళంతా తిమ్మిర్లంటారు, అన్నం సహించదంటారు. నీ కడుపునొప్పి కూడా ఆ వరుసలోదే. విడిగా రాయి, తెలుగులోనే మాట్లాడదాం.

మెట్లమీద_నేను | గురువారం, సాయంత్రం 6.40

నా భయం ఒకటే మిగిలింది. మా కాలేజీ ఆసుపత్రిలో చూపించుకుంటే కేసుషీటు మా సీనియర్ల చేతుల్లోనే తిరుగుతుంది. ఇక్కడ ఎవరైనా కాస్త వింతగా మాట్లాడితే చాలు, 'ఎర్రగడ్డకు పంపాలి' అని నవ్వుతారు. నవ్వేది డాక్టర్లు కాబోయేవాళ్ళే.

ఓపీ_గది_6 | గురువారం, రాత్రి 9.15

మీ ఆసుపత్రిలోనే చూపించుకోవాలని నియమం ఏమీ లేదు. పక్క ఊళ్ళో చూపించుకోండి, బస్సులో రెండు గంటలైనా ఫరవాలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు మీది. మీ ప్రిన్సిపాల్‌కో హాస్టల్ వార్డెన్‌కో ఊరికే చెప్పడానికి డాక్టరుకు వీల్లేదు. మీ ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం ఇంట్లోవాళ్ళకు చెప్పవలసి రావచ్చు, అది ముందే చెప్పి చేస్తాం.

మెట్లమీద_నేను | నెల రోజుల తర్వాత, శనివారం రాత్రి

అందరూ అడుగుతున్నారు కాబట్టి.

మర్నాడే పక్క జిల్లాలో ఒక డాక్టరు దగ్గరికి రూమ్మేటుతో వెళ్ళాను. నాన్న కూడా వచ్చారు. బస్సులో ఆయన దూడ గురించే మాట్లాడారు, ఒక్క ప్రశ్న అడగలేదు. హిమోగ్లోబిన్ 9.1 ఉంది, ఐరన్ మాత్రలు రాశారు. థైరాయిడ్ బాగానే ఉంది. కుంగుబాటుకు సెర్ట్రాలిన్ అనే మందు చిన్న మోతాదుతో మొదలుపెట్టారు. హుషారు రోజుల గురించి అడిగారు, స్టేజీ అన్నయ్య చెప్పినట్టే. మొదటి వారం కడుపులో తిప్పింది, చేతులు కాస్త వణికాయి. ఇదంతా ఎందుకని మానేయబోతే రూమ్మేటు నా చేత రోజూ తన ఎదురుగానే మాత్ర వేయించింది. వారానికొకసారి కౌన్సెలింగ్ ఫోనులో జరుగుతోంది. ఆ పిచ్చి ఆలోచనలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. వచ్చినప్పుడు ఎవరికి చెప్పాలో కాగితం మీద రాసి పెట్టుకున్నాం.

ఇప్పుడు ఐదింటికి మెలకువ వస్తోంది. పాథాలజీ పేజీ మారింది. నిన్న మళ్ళీ ఆ రెండు కాగితాలూ నింపాను, తొమ్మిదో ప్రశ్నతో సహా, నిజంగా. మొదటిది 8. రెండోదానిలో ఒక్క జవాబు కూడా మారలేదు. మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చుని నింపాను, బాగుంది.

మొన్న ఫార్మకాలజీ ఇంటర్నల్ వైవాలో సార్ సెర్ట్రాలిన్ గురించే అడిగారు. 'ఎన్నాళ్ళకు పనిచేయడం మొదలవుతుంది?' అని. ఆలోచించకుండా 'పదిహేడు రోజులకు సార్' అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి ఒక్క క్షణం చూసి, 'పరీక్షలో రెండు నుంచి నాలుగు వారాలు అని రాయి' అన్నారు.

ఖమ్మం_నాన్న | అదే రాత్రి

అమ్మా, మిరప తోటకు పట్టిన తెగులు గురించి వాడికి చెప్పాను. అరగంట మాట్లాడాడు. రేపు వెళ్ళి చూసి వస్తున్నాను.

పాతబ్యాచ్_కత్తెర | అదే రాత్రి

పదిహేడు అన్నందుకు నేనైతే ఒక మార్కు ఎక్కువే వేసేవాణ్ణి.

స్టేజీ_వెనక | అదే రాత్రి

చెల్లీ, మంచం కింద ఇంకా 163 ఉన్నాయి. బ్యాచ్ సంవత్సరం తప్పు గానీ గుడ్డ మంచిది. నిర్వాహకుల ద్వారా పంపుతాను, సైజు చెప్పు.

మెట్లమీద_నేను | అదే రాత్రి

మీడియం.